ఫీబీ కాగితాల్లో పద్నాలుగు పేర్లు

ఎలాదియోని చంపింది ఎండ కాదు, సారా కాదు. నేను చూశాను.

ఆగస్టు నాలుగు, మధ్యాహ్నం. కూలీల క్యాంపులో వంట నాది. అన్నం ఒక క్యానులో, కందుల కూర ఒక క్యానులో పోసి, తోపుడు బండి మీద టమాటా చేలోకి తీసుకువెళ్తున్నాను. అప్పుడే పురుగుమందు చల్లే విమానం వచ్చింది. చాళ్ళలో నూటముప్పై మంది వంగి కాయలు కోస్తున్నారు. పైలట్‌కు వాళ్ళు కనపడకుండా ఉండరు. అయినా ఆగలేదు. మందు తెల్లటి పొగలా వాళ్ళ వీపుల మీదే దిగింది.

కాసేపటికే ఎలాదియో కూలబడ్డాడు. వాంతులు. నోటి వెంట నురగ. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి.

"నియెవెస్! లారీ తియ్యరా! ఆస్పత్రికి తీసుకుపోదాం!" అని అరిచాను.

నియెవెస్ మా మేస్త్రీ. మా ప్యూర్టో రికో ద్వీపం వాడే, మా భాష వాడే. అదే ఎక్కువ మండుతుంది.

"లోడు సగమే అయింది ప్రొవీ. నిండనీ. ఈలోపు నీళ్ళు తాగించు."

లోడు నిండింది. టమాటాలు లారీ ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్ళాయి. ఎలాదియో ఎక్కలేదు. లారీ కదలగానే నీడ పోయి అతని మొహం మీద ఎండ పడింది. రెప్ప ఆడలేదు.

మూడోరోజు డాక్టరు రాసిన మరణం కాగితం వచ్చింది. "తాగిన మైకంలో వడదెబ్బ." ఎలాదియో జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ప్రార్థనల్లో గిటారు వాయించేవాడు. మా ఉతువాదో కొండల్లో పుట్టాడు, నాకు తమ్ముడి వరస. తాగుబోతని రాసిన ఆ కాగితంతోనే శవపేటిక వాళ్ళమ్మ దగ్గరకు వెళ్ళింది.

కూలి పనికి పోయే తమ్ముళ్ళూ, కాలేజీలకు పోయే చెల్లెళ్ళూ, ఈ దక్షిణ న్యూజెర్సీ చేలల్లో సమ్మె ఎవరు మొదలుపెట్టారని మీరు అడుగుతుంటారు. నాయకులెవరూ కాదు. ఒక బూట్ల పెట్టె కోసం జరిగిన గొడవలో మొదలైంది.

ఆ పెట్టె ఫీబీ కాపక్‌ది. ఇరవై రెండేళ్ళ తెల్లపిల్ల. క్వేకరు. ఆ వేసవిలో మాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పడానికి వచ్చి, మా రేకుల షెడ్డులోనే పడుకునేది. క్వేకర్లు క్రైస్తవుల్లోనే ఒక శాఖ, వాళ్ళకు పాదిరీ లేడు, శిలువ లేదు, పాటలు లేవు. పెద్దవాళ్ళనైనా పేరుతోనే పిలుస్తారు, ఒట్టు పెట్టరు, అబద్ధమాడరు. ఫీబీకి అన్నీ రాసుకునే అలవాటు. ఏం తిన్నది, ఎవరితో పోట్లాడింది, తన మనసులో ఏ పిరికితనం కనిపించింది, అంతా నోటుపుస్తకాల్లోకి ఎక్కేది. ఉత్తరాలూ పుస్తకాలూ కలిపి బూట్ల పెట్టెలో దాచేది.

ఎలాదియో పోయాక ఆమె షెడ్డు షెడ్డుకూ తిరిగింది. "ఏం చూశారో చెప్పండి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను." పద్నాలుగు మందిమి చెప్పాం. మొదటి పేజీ నాది. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, షెడ్డు నంబరు, అన్నీ రాసుకుంది.

వారం తిరక్కుండా షెరీఫు మనిషి, అంటే జిల్లా పోలీసు, వచ్చాడు. నీళ్ళ పంపు దగ్గర బట్టలు ఉతుకుతున్నాం. సగం క్యాంపు అక్కడే ఉంది.

"అమ్మాయ్, కూలీల పేర్లు రాసిన పుస్తకాలు నీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయి" అంది ఫీబీ.

నా చేతిలో సబ్బు జారిపోయింది.

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

ఆయన వెళ్ళాడో లేదో మోంచో ఆమె మీదకు దూకాడు. మోంచోకి నలభై ఏళ్ళు, నోరు పెద్దది, బుట్టలు మోసీ మోసీ మెడ దున్నపోతు మెడలా ఉంటుంది.

"నీకేమన్నా పిచ్చా? లేవు అంటే నీ పళ్ళు రాలతాయా?"

"ఉన్నాయిగా మోంచో."

"ఉంటే? మా మేనత్త ఇరవయ్యేళ్ళుగా తన వయసు ముప్పై అని చెప్తోంది. దేవుడు దాన్నేం చేశాడు?"

ఎవరూ నవ్వలేదు. ఫీబీ తడి చేతులు గౌనుకు తుడుచుకుంది. "అబద్ధం ఆడలేను. కానీ పుస్తకాలు ఇవ్వను. అది మాట."

"మాట నీది, బతుకు మాది" అన్నాడు మోంచో. ఉతికిన చొక్కా బురదలో విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

ఆ శనివారమే పద్నాలుగు మందిలో ముగ్గురి పని పోయింది. పేర్లు తెలిసి కాదు, అనుమానం మీదే నియెవెస్ వాళ్ళను విమానం ఎక్కించి ద్వీపానికి పంపేశాడు. మిగిలింది పదకొండు మందిమి. పుస్తకం వాళ్ళ చేతికి దొరికితే మా పదకొండు మందికీ అదే గతి. ఆ తర్వాత ఎలాదియో ఎలా పోయాడో చెప్పే నోరు ఈ జిల్లాలో ఒక్కటి కూడా ఉండదు.

చేను ఎల్‌వుడ్ స్టైల్స్‌ది. ఆయనా క్వేకరే. ఫీబీ ప్రార్థనకు వెళ్ళే సభవాడే. చిన్నప్పుడు ఆమెకు బైబిలు కథలు చెప్పింది ఆయనే. కూలీలను రెచ్చగొడుతోందని కోర్టుకు వెళ్ళిందీ ఆయనే.

గురువారం జడ్జి ముందు ఆమెను ప్రమాణం చెయ్యమన్నారు. "చెయ్యను. ప్రమాణం చేసిన రోజే నిజం చెప్తానంటే, మిగతా రోజులు అబద్ధం చెప్తున్నాననేగా" అంది. పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగారు. "తెలుసు. చెప్పను" అంది. ఇచ్చేదాకా జైల్లో ఉండమన్నారు.

శుక్రవారం కాఫీ, వేయించిన అరటికాయ ముక్కలు పట్టుకుని జైలుకు వెళ్ళాను. మధ్యన ఇనుప జాలీ. పిల్ల మొహం పీక్కుపోయింది. కాఫీ నాలుక్కి కూడా తగిలించుకోలేదు.

"ప్రొవీ, తప్పు నాదే" అంది.

"అబద్ధం ఆడకపోవడమా?"

"కాదు. పేర్లు రాసేముందు, దీనివల్ల మీకేం జరగొచ్చో చెప్పి అడగాల్సింది. అడగలేదు. నిజం ఎవరికీ చెడు చెయ్యదనుకున్నాను. నాకు చెయ్యదు, నిజమే. నాకు ఇల్లుంది, నాన్న ఉన్నాడు, జైలు నుంచి వస్తే అన్నం పెట్టేవాళ్ళున్నారు. మీ సంగతి ఆలోచించలేదు." కళ్ళు తుడుచుకుంది. "పెట్టె మా సభామందిరం బీరువాలో ఉంది. మందిరాన్నీ వదలరు. కాగితాలు నావి, మాటలు మీవి. కాల్చేస్తారో, దాస్తారో, మీరు తేల్చుకోండి."

ఆమె చెప్పినట్టే అయింది. బీరువా సంగతి స్టైల్స్‌కి తెలుసు. సోమవారం పొద్దున్నకల్లా పెట్టె అప్పగించాలని శనివారం మందిరానికి కోర్టు కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని హెస్టర్ గార్వుడ్ మా క్యాంపుకు నడిచివచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలమ్మ, వాళ్ళ సభకు కార్యదర్శి.

"రేపు ఆదివారం, ప్రార్థన అయ్యాక సభ తేలుస్తుంది" అంది.

"ఓట్లేస్తారా పెద్దమ్మా?" అన్నాడు మోంచో.

"ఓట్లుండవు నాయనా. అందరిదీ ఒకే మాట కావాలి. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది."

"ఆ ఒక్కరు స్టైల్స్ అయితే?"

"అయినా అంతే."

"ఇదెక్కడి మతం తల్లీ! మా ఊళ్ళో కోడిపందేనికి కూడా ఇంతకన్నా తొందరగా తీర్పొస్తుంది."

ముసలమ్మ కోప్పడలేదు. "మీరూ రండి. ప్రార్థనలో మేం మౌనంగా కూర్చుంటాం. మనసు లేపితే ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. కూలీ అయినా, పరాయివాడైనా. మాట్లాడేవాళ్ళకు ఎవరూ అడ్డు తగలరు, ఎవరూ ఎదురు చెప్పరు" అంది.

ఆమె వెళ్ళాక వంట షెడ్డులో కొట్టుకున్నంత పనైంది.

"బీరువా పగలగొడదాం. ఆ పెట్టె పొయ్యిలో పెడదాం. పీడా పోతుంది" అన్నాడు మోంచో.

"ఎలాదియో తాగి చచ్చాడనే ఉండిపోతుంది" అన్నాను.

"చచ్చినవాడికి పరువెందుకక్కా? నాకు నలుగురు పిల్లలు!"

"వాడి అమ్మకు వాడు ఒక్కడేరా!"

 పొయ్యి మీద కందులు మాడిన వాసన వస్తే పరుగెత్తి కుండ దించాను. ఏమీ తేలలేదు. తేలకుండానే ఆదివారం పొద్దున పదకొండు మందిమి బయల్దేరాం. మోంచో చొక్కా లోపల పెట్టెలు విప్పే ఇనుప కడ్డీ పెట్టుకున్నాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇటుక గోడలు, చెక్క బెంచీలు, రంగులేని కిటికీలు. ముప్పై మంది దాకా ఉన్నారు. ముందు బెంచీలో మాకు ఎదురుగా మొహం పెట్టి స్టైల్స్ కూర్చున్నాడు. శుభ్రమైన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. మా వైపు చూసి మర్యాదగా తల ఊపాడు.

మౌనం మొదలైంది. పావుగంట. అరగంట. నేను ఇలాంటి ప్రార్థన ఎరగను. మా గుళ్ళో అయితే ఈపాటికి పదిమంది ఏడ్చి ఉండేవాళ్ళు. వెనక బీరువా, పక్కన మోంచో, మోంచో చొక్కాలో కడ్డీ. ప్రార్థన అయ్యాక స్టైల్స్ కాదంటాడు, పెట్టె సంగతి ఆగిపోతుంది. రేపు షెరీఫు వస్తాడు. ఎల్లుండి మేం విమానంలో ఉంటాం. 

అప్పుడు తట్టింది. ఎవరూ అడ్డు తగలరు అంది ముసలమ్మ. స్టైల్స్ కూడా.

లేచి నిలబడ్డాను. ఫీబీ నేర్పిన ముక్కల ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను.

"నా పేరు ప్రొవిడెన్సియా అకెవెదో. ఆరో షెడ్డు. వంటమనిషిని. ఆగస్టు నాలుగున విమానం మా వాళ్ళ మీద మందు పోసింది. ఎలాదియో నురగలు కక్కాడు. నేను లారీ అడిగాను. ఇవ్వలేదు. అతను తాగలేదు."

కూర్చున్నాను.  స్టైల్స్ మెడ మీద ఎర్రటి చార లేచింది. పెదవి కదిలింది. అంతే. నోరు తెరవలేదు. మళ్ళీ మౌనం.

పక్కన ఠంగుమంది. మోంచో లేచేసరికి కడ్డీ నేల మీద పడింది. దాన్ని కాలితో బెంచీ కిందకు నెట్టేశాడు.

"రామోన్ కింతానా. మోంచో అంటారు. రెండో షెడ్డు" అన్నాడు మా భాషలో. బెంచీ చివర కూర్చున్న బడిపంతులుకు స్పానిష్ వచ్చు, మోంచో మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. "ఎలాదియో పక్క చాలు నాది. తల కింద చొక్కా పెట్టింది నేనే. మేస్త్రీ కాళ్ళు కూడా పట్టుకున్నాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

పదకొండు మందిమీ లేచాం. పదకొండు పేర్లు, పదకొండు షెడ్డు నంబర్లు. పుస్తకంలోంచి లాక్కోవడానికి ఇక ఏం మిగిలింది? మా నోటితోనే ఇచ్చేశాం, స్టైల్స్ మొహం మీదే.

ప్రార్థన అయ్యాక హెస్టర్ సభ పుస్తకం తెరిచింది. నిలబడి ఏదో రాసి, పైకి చదివింది.

"ఈ ఉదయం స్టైల్స్ క్యాంపు వాళ్ళు పదకొండు మంది మనతో కూర్చున్నారు. వాళ్ళు చెప్పింది మనం విన్నాం." ఆ తర్వాత మా పేర్లు, ఎవరం ఏం చెప్పామో అదీ. "నకలు ఒకటి ఆ మరణం కాగితం రాసిన డాక్టరుకు వెళ్తుంది. ఇది నిజమేనా, మిత్రులారా?"

నిజమే అన్నారు అందరూ. ఒక్కరు తప్ప.

"ఎల్‌వుడ్?"

స్టైల్స్ లేచాడు. "ఆ రోజు నేను చేలో లేను. ఏదీ చూడలేదు."

"చూశావని రాయలేదు. విన్నావని రాశాను."

ఆయన కిటికీ వైపు చూశాడు. విన్లేదని అంటే చాలు, ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది. ఒక్క మాట. మోంచో నా చెయ్యి ఎముక విరిగేలా పట్టుకున్నాడు.

"విన్నాను" అన్నాడు స్టైల్స్.

అలా మేం సభ పుస్తకంలోకి ఎక్కాం. పెట్టె సంగతి తేలలేదు. చట్ట ప్రకారం ఇచ్చెయ్యాలన్నాడు స్టైల్స్, కూడదన్నారు మిగతావాళ్ళు. పెట్టె బీరువాలోనే ఉండిపోయింది. బయటికి వెళ్తూ ఆయన నా దగ్గర ఆగాడు.

"రేపు పొద్దున షెడ్లు ఖాళీ చెయ్యండి" అన్నాడు, ఎంతో నెమ్మదిగా.

అబద్ధమాడే మనిషి కాదుగా. అన్నంత పనీ చేశాడు. సోమవారం తెల్లారేసరికి మా పరుపులూ గిన్నెలూ రోడ్డు మీద ఉన్నాయి. ఎలాదియో గిటారు సంచీ కూడా. షెరీఫు మందిరానికి వెళ్ళాడు. "పెట్టె ఇక్కడే ఉంది. నేను ఇవ్వను" అంది హెస్టర్, బీరువాకు వీపు ఆనించి. ముసలమ్మను రెక్క పట్టుకుని కారెక్కించారు. పెట్టె పట్టుకుపోయారు. ఫీబీని మాత్రం వదల్లేదు, కోర్టును ధిక్కరించినందుకు ఇంకో ముప్పై రోజులన్నారు. డాక్టరు దగ్గర్నుంచి కబురు వస్తుందన్న ఆశా లేదు.

మేం సామాన్లు మోసుకొచ్చి రోడ్డు మీదే దించి, మందిరం ముందు గడ్డిలో కూలబడ్డాం. మింగడానికి మెతుకు లేదు. మా పని అయిపోయిందనే అనుకున్నాను.

పదింటికి మోంచో లేచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "అక్కా, ఇది పనివేళ కదా? చేలో ఎవరూ లేరేంటి?"

రోడ్డు మీద జనం కనిపించారు. మమ్మల్ని వెళ్ళగొట్టారని పని ఆపేసి మా క్యాంపు వాళ్ళంతా నడిచి వస్తున్నారు. వెనకాల నియెవెస్ లారీలోంచి తల బయటపెట్టి బూతులు తిడుతున్నాడు. పండిన టమాటాలు తీగ మీదే ఉన్నాయి. మా వాళ్ళ వెనక మరో గుంపు. అవతలి చేల వాళ్ళు, మొహం ఎరగని వాళ్ళు.

వాళ్ళలో ఒకతను ముందుకొచ్చాడు. వానకు తడిసిన మట్టి రంగు చొక్కా, చేతుల మీద కాలిన మచ్చలు.

"ఇక్కడ రాసే అమ్మాయి ఉందట కదా?"

"జైల్లో ఉంది" అన్నాను.

"అయ్యో. మా దగ్గర కూడా ఒకడు పోయాడు. జూన్‌లో. ఎవరికి చెప్పాలో తెలీదు."

మాకు తోడుగా వచ్చి కూర్చున్న బడిపంతులు చేతిలో నోటుపుస్తకం తీసుకున్నాను. కూడబలుక్కుంటూ రాస్తాను, అయినా రాయగలను.

"ఇలా కూర్చో తమ్ముడూ. ముందు నేను చెప్పేది విను. నీ పేరు ఇందులోకి ఎక్కితే పని పోతుంది. నీ గిన్నెలు రోడ్డు మీద పడతాయి, అవిగో మావి, చూడు. రాసేదాన్ని జైల్లో పెడతారు. బీరువాలో దాచినా పట్టుకుపోతారు. ఇదంతా చేసినా పోయినవాడు రాడు. తెలిసిందా? తెలిసీ చెప్తావా?"

అతను రోడ్డు మీది గిన్నెల వైపు చూశాడు. లారీలో ఉన్న నియెవెస్ వైపు చూశాడు. గొంతు సవరించుకుని, అవతలి చేనుదాకా వినపడేలా తన పేరు చెప్పాడు.