ఇనుము కింద జమ

డ్రైవరు సీటు వెనక, పాత టార్పాలిన్ కింద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వెంకటాచలం ఊపిరి బిగబట్టాడు. లారీ వేబ్రిడ్జి మీదికెక్కి ఆగింది. అతని ఉద్యోగం ఇదే, బరువుగా ఉండటం.

గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పాత ఇనుము లారీని రెండుసార్లు తూస్తారు. సరుకుతో తూస్తే గ్రాస్, ఖాళీ చేశాక తూస్తే టేర్. ఆ తేడా నెట్, డబ్బిచ్చేది దానికే. గ్రాస్‌కు వెంకటాచలం లోపల ఉంటాడు. సరుకు దించే సందట్లో కూలివాడిలా దిగిపోతాడు, టేర్‌కు ఉండడు. అలా తిరువళ్లూరు పాత ఇనుము వ్యాపారి ఆదికేశవులు అతన్ని రోజూ ఇనుము కింద అమ్ముకుంటున్నాడు. పొద్దున అమ్ముడుపోయి సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే సరుకు లోకంలో ఇదొక్కటే కాబోలు.

ఒకప్పుడు వెంకటాచలం బొజ్జ ముందు నడిస్తే తను వెనక నడిచేవాడు. తిరుత్తణిలో కిరాణా కొట్టు మూసుకుని పనికోసం వస్తే, ఆదికేశవులు చదువు అడగలేదు, అనుభవం అడగలేదు. ఎగాదిగా చూసి "రేపు వచ్చేయప్పా" అన్నాడు. ఆ బొజ్జను చూసి ఊరంతా నవ్వింది, జీతమిచ్చింది మాత్రం ఆయనొక్కడే. ఇప్పుడు షుగరొచ్చి ఒళ్లు కరిగిపోయింది.

పొద్దున బండెక్కేటప్పుడు ఆదికేశవులు సంతలో మేకను చూసినట్టు రెట్ట పిసికి చూశాడు.

"ఏమప్పా, ఇట్లా ఎండిపోయినావు? నీకు దండగ జీతం ఇయ్యాల్నా? ఈ నెలతో సరి. వేరే మనిషిని చూసుకుంటా."

"వద్దయ్యా, ఒళ్లు వస్తాది. మా పాపకు కాలేజీ ఇంకొక వరుషం ఉండాది. కొంజం ఓర్చుకోండి."

బరువు తక్కువైనందుకు బతిమాలుకోవాల్సి వచ్చిందని వెంకటాచలానికి సిగ్గేసింది.

ఇప్పుడు టార్పాలిన్ కింద చెమట కారిపోతోంది. ఎడమ దవడ లాగుతోంది. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది. మూలిగితే గేటువాడికి వినబడుతుంది. మూలగలేదు.

గ్రాస్ అయింది. క్రేను సరుకంతా దించేసింది. "మామా, దిగు" అన్నాడు డ్రైవరు మురుగేశ్. ఇంకోసారి పిలిచాడు. టార్పాలిన్ ఎత్తి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మళ్లీ కప్పేశాడు. చుట్టూ మనుషులు. ఈయనెవరు, లోపలెందుకున్నాడు అంటే ఏం చెబుతాడు? ఏడుపు మింగి బండిని వేబ్రిడ్జి ఎక్కించాడు. రెండు తూకాల్లోనూ వెంకటాచలం ఉన్నాడు. ఆ బండి నెట్ తూకంలో మోసం లేనిది ఆ ఒక్క రోజే.

తూకం తెలియగానే ఆదికేశవులు ఫోన్ చేశాడు. "రేయ్ మురుగేశా, నెట్ తగ్గిండాదే? యాడ పోయింది?"

"మామ పోయినాడయ్యా. బండిలోనే."

"సరి. బండిలో పోయినాడని ఎవురితోనూ అనద్దు."

తిరుగుదారిలో ఊత్తుకోట దాటాక మురుగేశ్ లారీ పక్కకు ఆపి, వెంకటాచలాన్ని సీటు మీదికి ఎత్తబోయాడు. ఎండిపోయిన మనిషి ఇంత బరువేమిటా అనుకున్నాడు. పంచె కింద నడుముకు తువ్వాలు బిగించి ఉంది. ముడి విప్పితే రెండు ఇనుప తూకం రాళ్లు బయటపడ్డాయి, మూతపడ్డ కొట్టువి. చిన్నది సీటు కిందికి దొర్లిపోయింది. చేతిలో మిగిలిన ఐదు కిలోల రాయి చెమటకు తడిసి ఇంకా వెచ్చగానే ఉంది, దాని మీద సరైన తూకమని సర్కారువాళ్లు కొట్టిన ముద్ర చెక్కుచెదరలేదు.