పదకొండున్నర రెట్లు

కొలరాడో కొండల మీద మా ఊళ్లో గాలి పలచన. అందుకే ఇక్కడ ఇంజన్లో గాలిని ఎంత గట్టిగా నొక్కినా చెల్లిపోతుంది. ఆ పొగరు మా అందరికీ ఉంది, నా స్నేహితుడు లానీకి మరీ ఎక్కువ.

వాడి అన్న క్లే, కొండల కింద కాన్సస్ మైదానంలో ఒక ఆస్పత్రిలో చావుకి దగ్గరయ్యాడు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన కారు ఇన్నాళ్లకి తయారవుతోంది. దాని చప్పుడు అన్నకి ఒక్కసారి వినిపించాలని లానీ పంతం.

"పోసేది మామూలు బంకు పెట్రోలే కదరా, గాలిని తొమ్మిదిన్నర రెట్లు నొక్కితే చాలు. ఎక్కువైతే పిస్టన్ పగులుతుంది," అన్నాను.

"చర్చికెళ్లే ముసలమ్మ కారనుకున్నావా? పదకొండున్నర! మన ఊళ్లో ఎవడిదైనా పగిలిందా?"

నిజమే, తయారయ్యాక మా వీధుల్లో ఆ కారు పులిలా గాండ్రించింది. లానీ అన్న దగ్గరికి బయల్దేరితే నేనూ పక్కన కూర్చున్నాను. కొండ దిగి మైదానం ఎండలోకి వచ్చేసరికి గాలి చిక్కబడింది. ఇంజన్లో మేకులు గిలక్కొట్టినట్టు మోత మొదలైంది.

"మెల్లగా పోరా!"

"అక్కడ అన్నకి టైం లేదురా!"

ఇంకా తొక్కాడు. కాన్సస్ పొలిమేర దాటగానే పిస్టన్ పగిలి పొగ కమ్మింది. లానీ రోడ్డు పక్కనే నిలబడి అన్నకి ఫోన్ చేశాడు.

"ఏదీ, వినిపించు," అన్నాడు క్లే.

"పగిలిపోయిందన్నా."

"ఎన్ని రెట్లు పెట్టావ్?"

"పదకొండున్నర."

క్లే ఆయాసపడుతూ అన్నాడు.

"అది మీ పైగాలికి సరిపోతుందిరా తమ్ముడూ. నేనుండేది కింద కదా."