మాణిక్యాంబ గారి ఫ్లవర్‌వాజు

నేను ఒక గాజు ఫ్లవర్‌వాజును. ఒళ్లు సముద్రం రంగు, మెడ చుట్టూ తెల్లటి గాజు దారం. కొంచెం పక్కకి ఒరిగి ఉంటాను. దాన్ని వంకర అనేవాళ్లున్నారు. నేను వయ్యారం అంటాను. అచ్చులో పోసి తీసిన సరుక్కి అది రాదు. నన్ను ఒక మనిషి తన ఊపిరి పోసి చేసింది. ఆవిడ పేరు కొమ్ము ఝాన్సీ.

భీమిలి దారిలో ఓ రేకుల షెడ్డు, అందులో కొలిమి. ఇనుప గొట్టం చివర ఎర్రటి ముద్దలా వేలాడుతున్న నన్ను ఊదుతూ, దొర్లిస్తూ, మళ్లీ మంటలో పెడుతూ ఝాన్సీ చెమటతో తడిసిపోయేది. పూర్తయ్యాక నన్ను చేతుల్లోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసి, “బాగా కుదిరావే” అంది. నా జన్మకి ఆ మాట చాలు. కానీ అడుగున తన పేరు చెక్కలేదు. ముచ్చటగా రాసిన ఓ కాగితం స్టిక్కరు అంటించి ఊరుకుంది. ఆడవాళ్లు కొత్త గిన్నె ఇంటికి తేగానే మొదట చేసే పనేమిటో పాపం ఆవిడకి తట్టలేదు.

విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో నన్ను కొన్నది కాకినాడ వాసంశెట్టి మాణిక్యాంబ గారు. ఇంటికి తీసుకెళ్లగానే నన్ను వేన్నీళ్లలో నానబెట్టి, స్టిక్కరుని గోటితో శుభ్రంగా గోకేశారు. ఝాన్సీ పేరు తూములోంచి వెళ్లిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఇంట్లో చెంచా మొదలు గంగాళం దాకా పేరు కొట్టించని వస్తువు లేదు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఎరువిచ్చినవి తిరిగి రావాలి కదా మరి. నన్ను గుడ్డలో చుట్టి స్టీలు సామాన్ల కొట్టుకి పట్టుకెళ్లారు.

“గాజు మీద కొట్టడం నావల్ల కాదండి. పగిలితే నన్నడక్కూడదు,” అన్నాడు కొట్టతను.

“ఏం పగలదు, నువ్వు కొట్టు బాబూ,” అన్నారావిడ.

ఆ సూది మిషను నా అడుగున జుయ్యిమంటుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొత్తానికి పగల్లేదు. ‘వాసంశెట్టి మాణిక్యాంబ’ అని గుండ్రటి అక్షరాలు పడ్డాయి. కొట్టతను కూడా తన పని చూసుకుని మురిసిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు సుఖంగానే గడిచాయి. వట్టి రోజుల్లో నాలో గరిటెలు, ఎవరింట్లోనైనా శుభకార్యమైతే లిల్లీలు. అలా ఓ రిసెప్షన్‌లో బల్ల మీద నిలబడి ఉండగా శేషగిరి గారి కంట్లో పడ్డాను. చేత్తో ఊదిన గాజును చూసి అది ఎవరి పనో చెప్పగల నిపుణుడాయన. హైదరాబాదులో అలాంటి గాజుతో ప్రదర్శన పెడుతున్నారు, పుస్తకమూ వేస్తున్నారు. నన్ను చూసిన ఆనందంలో పూలున్నాయని, నీళ్లున్నాయని మరిచిపోయి ఒక్కసారిగా తిరగేశారు. పెళ్లివారి తివాచీ తడిసిపోయింది. ఆయన మాత్రం అడుగున ఉన్న పేరు చదివి పొంగిపోయారు. లోకానికి తెలియని గాజు కళాకారిణి ఒకరు దొరికారని అక్కడికక్కడే తేల్చేసుకున్నారు. ఒక్క మాట ఎవరినన్నా అడిగుంటే సరిపోయేది. నిపుణులకి అడగడం నామోషీ.

మాణిక్యాంబ గారికి పిలుపొచ్చింది. ప్రదర్శనలో తన వస్తువు పెడతారంటే ఆవిడ పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లారు. వేదిక మీద శేషగిరి గారు ఆవిడ ఊపిరి గురించి, నేర్పు గురించి చెప్పుకుంటూ పోతున్నారు. నా లోపల మంట. నోరుంటే ఝాన్సీ పేరు ఆ హాలంతా దద్దరిల్లేలా అరిచేదాన్ని.

శాలువా కప్పబోతుంటే మాణిక్యాంబ గారు చెయ్యి అడ్డం పెట్టారు. “ఆగండి బాబూ. నేను ఊదిందల్లా మా అత్తగారింట్లో పొయ్యిగొట్టమేనండి. అడుగున ఉన్నది నేను కొట్టించుకున్న పేరు.”

శేషగిరి గారి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. నా పక్కన చీటీ మార్చేశారు: ‘చేసినవారు తెలియదు.’ పుస్తకంలోనూ అంతేనట. అచ్చయ్యిందంటే ఇంక ఎప్పటికీ అంతే. అబద్ధం కన్నా ఆ చీటీ నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మాణిక్యాంబ గారు మాత్రం ఇంటికి బయల్దేరలేదు. “భోజనం పెట్టినావిడ పేరు తెలుసుకోకుండా లేచొచ్చేసినట్టుందండి. కాగితం గోకేసిన పాపం నాది. మీరు ఇదే చదువుకున్నారు కదా, మళ్లీ ఓసారి చూడండి,” అన్నారు.

ఈసారి శేషగిరి గారు పేరు వంక చూడలేదు. భూతద్దం పెట్టి నన్ను చూశారు. నా మెడ మీది దారాన్ని మొదటినుంచీ చివరిదాకా వేలితో అనుసరించారు. తర్వాత బల్ల మీదున్న తక్కిన వాజులూ గిన్నెలూ ఒక్కొక్కటే చూశారు. అన్నిటికీ దారం ఒకవైపు చుట్టి ఉంది, నాకు దానికి ఎదురుగా. నాలా ఉన్నది ఇంకొక్కటే, ఓ పంచదార గిన్నె. సోఫా మీది ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని వాళ్ల ఇంటినుంచి వచ్చిందది. దాని స్టిక్కరు చెక్కు చెదరలేదు.

“గొట్టాన్ని అందరికీ ఎదురు దొర్లించిన మనిషి,” అన్నారాయన మెల్లగా. “ఎడమచేతి వాటం. రంగూ అదే, అడుగున ఇనుప ఊచ నుంచి విడగొట్టిన మచ్చా అదే. రెండూ ఒక్క చేతివే.” స్టిక్కరు చదివారు: ‘ఝాన్సీ, భీమిలి.’

ఆయన విద్య అది. అంతకుముందు తిట్టుకున్నందుకు కాస్త సిగ్గుపడ్డాను.

వెతికి వెతికి ఫోన్ చేస్తే మర్నాడే ఝాన్సీ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. కొలిమి ఎప్పుడో ఆరిపోయిందట, బడిలో డ్రాయింగ్ చెబుతోందట. నన్ను చేతుల్లోకి తీసుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగేవే, నాకు ఆ వసతి లేదు.

శేషగిరి గారు చెక్కే సూది అందించారు. ఝాన్సీ తీసుకోలేదు. “నేను ఈ పని మానేసి చాలా ఏళ్లయిందండి. ఇప్పుడు పేరు రాసుకోవడం బాగుండదేమో,” అంది.

“మానేస్తే మాత్రం? దీన్ని చేసింది నువ్వు కాకుండా పోతావా తల్లీ?” అన్నారు మాణిక్యాంబ గారు. “కావాలంటే నా పేరు అరగదీయించేస్తాను.”

“వద్దు, ఉండనివ్వండి. ఇన్నేళ్లు చూసుకున్నది మీరు,” అని ఝాన్సీ ఎడమచేత్తో సూది అందుకుంది. మిగిలిన కాస్త జాగాలో నెమ్మదిగా తన పేరు రాసింది.

మాణిక్యాంబ గారు కళ్లజోడు సవరించుకుని చదివారు. “ఇంటిపేరు కూడా వెయ్యమ్మా. ఝాన్సీలు ఊరికి పదిమంది ఉంటారు, ఇది చేసింది ఒక్కర్తివే.”

ఝాన్సీ నవ్వి, ఇంటిపేరు కూడా వేసింది.