పెసలు మొలకెత్తని రోజు

ఆ ఇంటి పెరడంతా ఒక కిటికీ గట్టు. ఉల్లిపాయ అడుగులు పగిలిన టీ కప్పుల్లో కూర్చుని మళ్ళీ ఆకు వేసేవి. మెత్తబడి పారేయాల్సిన టమాటాల గింజలు ఖాళీ రంగు డబ్బాల్లో మొక్కలయ్యేవి. మధ్యాహ్నం రెండు గంటలు మాత్రమే పడే ఎండ వృథా పోకుండా కోడలు వెనక గోడకి చాక్లెట్ల రేకులు అతికించింది. కూరలు కడిగిన నీళ్ళే మొక్కలకి. కొన్నది మట్టి ఒక్కటే, అదీ ఒక్కసారే.

మొలకల వ్యవహారం మాత్రం అత్తగారిది. అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. ఇంట్లో నలుగురు, కాబట్టి నాలుగు జామ్ సీసాలు. రోజు విడిచి రోజు, పడుకునే ముందు ఎవరి గుప్పెడు పెసలు వాళ్ళే తమ సీసాలో వేసి నీళ్ళు పోయాలి. మర్నాడు పొద్దున ఆ నీళ్ళు వంపేసి, మూతికి పాత చీర ముక్క కట్టి రబ్బరు బ్యాండు వేసి, పళ్ళెంలో వాలుగా బోర్లించాలి. రెండు పూటలా కడగాలి. ఆ మర్నాటి పొద్దుటికి తోకలు వచ్చేవి. అయితే ఆ సాయంత్రం ఇంట్లో భోజనం చేయబోయేవాళ్ళ పెసలకే వచ్చేవి. చేయనివాళ్ళవి నానిన గింజల్లాగే ఉండిపోయేవి.

ఆ పద్ధతి ఇంటికి బాగా కలిసొచ్చింది. మనవరాలు బడివాళ్ళతో ఊరికి వెళ్ళిన రోజు, కొడుకు ఆఖరి బస్సు తప్పిపోయి బస్టాండులో కునుకు తీసిన రోజు, వండింది మిగిలిపోకుండా పొద్దున్నే తెలిసిపోయేది. కింద వాటాలో ఉండే ఆవిడ కూడా మెట్ల మీద కనబడితే "ఇవాళ మీ సీసాలు ఎంతమందంటున్నాయి?" అని అడిగేది, బయట చలిగా ఉందా అని అడిగినట్టు. మామగారు ఉన్న రోజుల్లో సీసాలు ఐదు; ఆయన సీసా ఒక పొద్దున అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని చూశాడు, గడ్డం గీసుకున్నాడు, కుర్చీలో కూర్చుని పేపరు చదివాడు. సాయంత్రానికి ఆయన లేడు.

అందుకే గురువారం పొద్దున కోడలు పళ్ళెం వైపు చూసి, గుడ్డలు ఒక్కొక్కటే విప్పి, మొగుడి సీసా దగ్గర ఆగిపోయింది. మిగతా మూడింటిలో తెల్లటి తోకలు నిక్కి ఉన్నాయి. అతని సీసాలో ఒక్కటీ లేదు. అతను ఎత్తైన భవనాలకి తాళ్ళు కట్టుకుని అద్దాలు తుడిచేవాడు. ఆ రోజు ఇరవై రెండంతస్తుల కొత్త భవనం.

"ఓవర్‌టైమ్ ఉంటుందిలే," అన్నాడతను నడుం బెల్టు వెతుక్కుంటూ.

"ఉందని చెప్పారా?"

"చెప్పలేదు."

"అయితే వెళ్ళకండి. ఇంట్లోనే ఉండండి."

అతను కాసేపు ఆలోచించాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు కనుక అతని ఆలోచన కూడా సీసాల దారినే నడిచింది. "ఇంట్లో ఉంటే ఇంట్లోనే తినాలిగా. తిననని ఆ సీసా చెప్తోంది. ఇంట్లో ఉండి కూడా తినలేదంటే దానర్థమేంటి?"

నిజమే, మామగారు కూడా ఇంట్లోనే ఉన్నాడు.

"అయితే ఇంకెక్కడైనా తినండి," అంది గబగబా. "సీసాకి కావాల్సింది మీరు ఇక్కడ తినకపోవడం. అంతేగా. వేరే ఎవరింట్లోనైనా సుబ్బరంగా కూర్చుని తిని రండి. అక్కడితో దాని మాట చెల్లిపోతుంది."

"ఎవరింట్లో?"

అతనికి ఉన్నది ఒకే ఒక అక్క. ఆ అక్కతో మాటల్లేక ఆరేళ్ళు.

తగువు పెద్దదేం కాదు. అక్క తన కిటికీ దగ్గర టమాటా కుండీలకి అరలు కట్టిపెట్టమంది. ఇతను ఇదిగో వస్తా అదిగో వస్తా అని మూడు నెలలు తిప్పాడు. ఆమె విసిగి ఒక వడ్రంగిని పిలిపించుకుంది. తమ్ముణ్ణి నేనుండగా బయటివాణ్ణి పిలుస్తావా అని ఇతను అరిచాడు. నీకోసం చూస్తూ కూర్చుంటే నా టమాటాలకి పళ్ళూడతాయి అని ఆమె అంది. ఆ మాటకి వడ్రంగి నవ్వాడు. బయటివాడి ముందు పరువు పోయిందని ఇతను గుమ్మం దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. నాలుగో నెలలో ఇద్దరికీ బాధ వేసింది. ఐదో నెలలో ఇద్దరికీ మొండితనం వచ్చింది. తర్వాత అది అలవాటైపోయింది.

మూల కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న తల్లి తలెత్తకుండానే అంది: "అక్క దగ్గరికి వెళ్ళరా. బతికుండి తల వంచుకుంటే నామోషీ కాదు."

అతను సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి కడుపులో తిప్పుతోందని చెప్పాడు. అవతలివాడు తిట్టాల్సినవి తిట్టి పెట్టేశాడు. కూతురు బడికి వెళ్తూ, "నాన్నా, అత్త నీకు పెద్ద పళ్ళెం పెడుతుందా, చిన్నదా?" అని అడిగింది. "పెట్టనీ ముందు," అన్నాడతను.

రెండు బస్సులు మారి, అక్క వీధి చివర టీ తాగుతూ మొదటి మాట కోసం వెతుక్కున్నాడు. 'బాగున్నావా' మరీ చవగ్గా ఉంది. 'తప్పు నాదే' నోట్లోంచి ఊడిపడేలా లేదు. చివరికి 'ఆకలేస్తోంది' అనడమే మేలని తేల్చుకుని లేచాడు.

అక్క పుస్తకాలకి బైండింగ్ చేస్తుంది. రెండో అంతస్తులో ఒంటిగది, పగలంతా ఇంట్లోనే ఉంటుంది. తలుపు తట్టాడు. లోపల గడియ పెట్టి ఉంది. పిలిచాడు. మళ్ళీ తట్టాడు. తనని చూడకూడదనే తీయడం లేదనుకుని రెండు మెట్లు దిగాడు కూడా. కానీ పౌరుషం వచ్చినప్పుడు అక్క తలుపు తీసి తిడుతుంది తప్ప మూసుకుని కూర్చునే రకం కాదు.

అతను డాబా ఎక్కాడు. నీళ్ళ గొట్టం పట్టుకుని, సన్‌షేడ్ మీద కాలు మోపి, రోజూ చేసే పనే కాబట్టి ఏ తొందరా లేకుండా దిగాడు. కిటికీ తెరిచే ఉంది. టమాటా మొక్కల సందులోంచి చూస్తే అక్క నేల మీద పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడి ఉంది. అతను కిటికీలోంచి దూరి, వడ్రంగి కట్టిన అరల మీద కాలు వేశాడు. అవి కిర్రుమనలేదు కూడా. మంచి పనివాడే.

ఒళ్ళు కాలిపోతోంది. స్పృహ లేదు. ఆటో కోసం వీధిలోకి అరుస్తూ అతను గది చూశాడు. కుండీలన్నిటికీ నీళ్ళు పోసి ఉన్నాయి. కుట్టు పూర్తయిన పుస్తకాల మీద ఎవరివి వాళ్ళకి అప్పగించమని పేర్లు రాసిన చీటీలు పెట్టి ఉన్నాయి. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఉతికిన దుప్పటి పక్క మీద పరిచి ఉంది. అరల చివర పళ్ళెంలో ఒకే ఒక సీసా. గుడ్డ విప్పి ఉంది. లోపల పెసలు నిన్న నానినట్టే ఉన్నాయి.

ఆసుపత్రిలో పేగు చివర చీము పట్టి పగిలిందన్నారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే తమ చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నారు. వెంటనే లోపలికి తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం నుంచి కోడలు తను పనిచేసే లాండ్రీలో ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేసింది. చీకటి పడే వేళకి ఫోన్ మోగితే ఎత్తడానికి చెయ్యి రాలేదు. పక్క బల్ల దగ్గరున్నామె ఎత్తి చెవి దగ్గర పెట్టింది.

"నేనే," అన్నాడతను. "రాత్రికి ఇక్కడే ఉంటాను. అక్కకి ఆపరేషన్ అయింది. బతికింది." ఆమె ఏడుస్తోందని అతనికి తెలిసింది. "నేను బిస్కెట్లు తిన్నానులే," అని చేర్చాడు.

అక్క కళ్ళు తెరిచేసరికి అతను మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావ్?"

"నీ ఇంట్లో భోంచేద్దామని."

ఆమె నవ్వబోయి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుంది. అతను దిండు సర్దాడు. సర్దడం చాతకాక మళ్ళీ సర్దాడు. తర్వాత అడిగాడు.

"సీసా చూశావా?"

"చూశాను. పొద్దున్నే."

"నొప్పి అప్పటికే ఉందా?"

"ముందు రాత్రి నుంచి ఉంది. సీసా చూశాక ఇంక అయిపోయిందిలే అనుకున్నా. పనులు సర్దుకున్నా."

"ఆసుపత్రికి వెళ్ళొచ్చుగా! ఎవరికైనా చెప్పొచ్చుగా!" అతని గొంతు పెరిగింది. అటు మంచం మీదున్న రోగి ఇటు తిరిగి చూసింది.

"ఎవరికి చెప్పను?" అంది అక్క.

ఆమె నిష్ఠూరంగా అనలేదు. తెలియక అడిగినట్టు అంది. ఆ పొద్దున తన సీసా చూసి ముగ్గురు ఆడవాళ్ళు ఎంత గొడవ చేశారో అతనికి గుర్తొచ్చింది. అదే పొద్దున, అదే వేళకి, ఈమె ఒక్కతే నిలబడి ఉతికిన దుప్పటి పక్క మీద పరుచుకుంది. అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కాసేపయ్యాక లేచి, నర్సుని అడిగి పెన్ను తెచ్చి, మందుల చీటీ వెనక తన నంబరు రాశాడు. ఆరేళ్ళలో అది రెండుసార్లు మారింది.

"పొద్దున సీసా ఎన్నింటికి చూస్తావు?"

"ఆరింటికి."

"ఆరింటికి నాకు ఫోన్ చెయ్యి."

"తోకలు రాకపోతే చేస్తాలే."

"వచ్చినా చెయ్యి," అన్నాడు తమ్ముడు.