వంపు పరీక్ష

కేబుల్‌ని బల్ల మీద తిన్నగా పరిచాను. ఒక కొసన బొమ్మను పంపే పెట్టె, ఇంకో కొసన తెర. రంగుల గడులు నిలకడగా వెలుగుతున్నాయి. తప్పులు లెక్కపెట్టే మూలలో సున్నా. పది నిమిషాలైనా సున్నానే.

మొన్న మంగళవారం ఈ కేబుల్ మూడో ఆపరేషన్ థియేటర్‌లో ఉంది. పొట్టలో దూర్చిన కెమెరా చూసేదాన్ని డాక్టరు ముందున్న తెరకి మోసేది ఇదే. ఆపరేషన్ మధ్యలో తెర మూడు సెకన్లు నల్లబడింది. ఆ మూడు సెకన్లలో కత్తెర ఎక్కడ తగిలిందో డాక్టరుకే తెలియలేదు. ఆ రోగి గురువారం పోయింది.

నర్సు కేబుల్ సరిగ్గా పెట్టలేదని డాక్టరు రాసిచ్చాడు. ఆస్పత్రంతా అక్కా అని పిలిచే నర్సు. పన్నెండు గంటలకి విచారణ. కేబుల్‌లో లోపం లేదని నేను సంతకం చేస్తే ఆవిడ ఉద్యోగం పోయినట్టే.

పొద్దున్నే నా గది గుమ్మంలో నిలబడి అంది: "తమ్ముడూ, గట్టిగానే పెట్టాను. క్లిక్కుమంది. నా చెవులారా విన్నాను."

"చూస్తానక్కా" అన్నాను, ఆవిడ మొహం చూడకుండా.

థియేటర్‌కి పంపేముందు ప్రతి కేబుల్‌కీ నేను నింపే పరీక్ష కాగితంలో అయిదు గడులుంటాయి. నాలుగోది వంపు. కేబుల్‌ని అరచేతి వెడల్పున నాలుగు చోట్ల వంచి, చోటుకో నిమిషం తెర చూడాలి. థియేటర్‌లో తెరను మోసే ఇనుప చెయ్యి చుట్టూ కేబుల్ అలాగే వంగి ఉంటుంది మరి. ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రద్ధగా వంచేవాణ్ణి. రెండు నెలల్లో ఒక్క కేబులూ ఆ పరీక్ష తప్పలేదు. ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖున ఖాళీ కాగితాల కట్ట ముందేసుకుని, అన్నిటిలోనూ నాలుగో గడికి ఒకేసారి టిక్కు పెట్టేసేవాణ్ణి. అబద్ధం రాస్తున్నానని ఎప్పుడూ అనిపించలేదు. తెలిసిన జవాబే కదా, ముందుగా రాసుకుంటున్నానని అనిపించేది.

ఈ రకాన్ని ఎంచింది కూడా నేనే. మూడు నమూనాలొచ్చాయి. లావుపాటిది చెప్పినట్టు వినదని థియేటర్ వాళ్లు విసుక్కున్నారు. ఇది సన్నగా, మెత్తగా ఉంది. నలుగురూ మెచ్చుకుంటారని దీన్నే తీసుకున్నాను.

మా సూపర్‌వైజర్ తొంగి చూశాడు. "ఏం బాబూ, పరీక్ష చేస్తున్నావా, దాంతో కబుర్లాడుతున్నావా?"

"అయిపోవచ్చింది సార్."

"సున్నా వచ్చిందిగా. రాసి పడెయ్. అక్కడ విచారణకి నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు."

ఆయన వెళ్లాడు. అప్పుడు గమనించాను, కేబుల్‌ని నేను ఎంత జాగ్రత్తగా పరిచానో. ఒక్క ముడత లేకుండా, పసిపాపని పడుకోబెట్టినట్టు. అది నా అలవాటు కాదు. నాకంటే ముందే నా చేతులు ఏదో నిర్ణయించుకున్నాయి.

మొదటి చోట వంచాను. ఏమీ కాలేదు. రెండో చోటా ఏమీ కాలేదు. లోపల ఏదో తేలికపడింది. ఆవిడ మునిగితేనే నాకు ఆ తేలిక అని తెలుసు. తెలిసి కూడా తేలికపడింది.

మూడో చోట, కొసకి జానెడు దూరంలో, తెల్లటి చుక్కలు మినుకుమన్నాయి. తెర నల్లబడింది. వదిలేశాను. బొమ్మ వచ్చింది. మళ్లీ వంచాను. నలుపు.

బయటికెళ్లి ఆవిణ్ణి పిలుచుకొచ్చాను. సూపర్‌వైజర్ కూడా వెనకే వచ్చాడు. ఇద్దరి ముందూ వంచి చూపించాను. ఆవిడ నా చేతిలోంచి కేబుల్ లాక్కుని తనే వంచింది. వదిలింది. వంచింది.

"ముందు ఇలా వంచి చూడలేదా నువ్వు?"

"లేదక్కా. చూసినట్టు రాశాను."

సూపర్‌వైజర్ తలుపు దగ్గరికి వేశాడు. "కాస్త మెల్లగా. ఆ కాగితాల మీద నా సంతకం కూడా ఉంది. ఆలోచించి చెబుదాం."

ఆవిడ ఆయనవైపు చూడనే లేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చెంప మీద ఒక దెబ్బ పడితే బాగుండుననుకున్నాను.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అంది.

"ఇరవై ఆరు."

"ఎక్కడ?"

"అన్ని థియేటర్లలోనూ."

గోడ గడియారం వైపు చూసింది. "రెండో థియేటర్‌లో ఇప్పుడు ఆపరేషన్ జరుగుతోంది. ఫోన్ తియ్."

సూపర్‌వైజర్ ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. ఆవిడ ఒక్కో వేలే పట్టుకుని ఆ చేతిని పక్కకి తీసింది.

రెండో థియేటర్ నంబరు నొక్కాను. అక్కడి నర్సు ఎత్తింది. "ఏంటండీ? మొదలుపెట్టి అరగంటైంది. త్వరగా చెప్పండి."

కేబుల్ మార్చమందామని నోరు తెరిచాను. మార్చాలంటే తెర ఆరిపోవాలి.

"తెర చెయ్యి కదపొద్దు. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. డాక్టరు గారిని పనిముట్లు బయటికి తియ్యమనండి, వెంటనే."

"ఎందుకు? ఎవరు చెప్పమన్నారు?"

ఫోన్‌లోంచి యంత్రం కూతలు వినిపిస్తున్నాయి. ఎవరో ఏదో అడుగుతున్నారు.

"ఆ కేబుల్‌ని నేను పరీక్షించలేదు" అన్నాను.