పాషాకు వినిపించని కాగితం

గురాజ్ అనే కొండ ఊళ్లో కోల్ మాస్టారి కంచరగాడిదకు చట్టం తెలుసని అందరూ ఒప్పుకునేవారు. దాని పేరు పాషా. ఎడమ చెవి సగమే ఉంటుంది. తోడేలు కొరికిందని ఊరివాళ్లంటారు. కాదు, ఎన్నికల ఉపన్యాసం వినలేక తనంతట తనే కొండరాతికేసి రాసుకుని తెంపుకుందని మాస్టారు చెప్పేవాడు. ష్కోడ్రా పట్నం నుంచి ఒక వకీలు వచ్చి, పాషా ముందు రెండు ముక్కలు మాట్లాడి, ముచ్చెమటలు పట్టి, తను గెలిచిన కేసు నిజానికి ఓడిపోయానని రాసిచ్చి పోయాడని కూడా ఆయనే చెప్పాడు. ఆ వకీలును చూసినవాళ్లు ఊళ్లో లేరు. కథ కాదన్నవాళ్లూ లేరు.

బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక మాస్టారు పెట్టుకున్న పని ఒకటే. చదువు కోసం కొండ దిగే పిల్లలు ప్రవేశపత్రాలు పట్టుకుని ముందు ఆయన దొడ్లోకి వచ్చేవారు. ఆయన చదివి చెప్పేవాడు కాదు. వాళ్లచేతే ఒక్కో షరతు పైకి చదివించి, "ఇప్పుడు పాషాకి నీ మాటల్లో చెప్పు" అనేవాడు. అది చెవి కదిపితే అర్థమైనట్టు. కదపకపోతే మళ్లీ మొదటికి. మాస్టారి చేతిలో గడ్డిపరక ఒకటి ఉంటుందనీ, చెప్పింది సరిగ్గా ఉన్నప్పుడే అది పాషా చెవికి తగులుతుందనీ పిల్లలకు తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఆ చదువులో భాగమే.

"'యాజమాన్యము అవసరమని తలచినచో శిక్షణా స్థలమును మార్చవచ్చును'," అని చదివింది ఆ వేసవిలో వితోరే అనే పిల్ల.

"అంటే?"

"బడి వేరేచోటికి మారొచ్చు."

"ఎక్కడికి?"

"రాయలేదు మాస్టారూ."

"రాయలేదంటే?"

వితోరే ఆ వాక్యం మళ్లీ చూసుకుంది. "వాళ్ల ఇష్టం. ఎక్కడికైనా."

పాషా చెవి కదిలింది. "దానికి తెలిసింది. ఇంటికెళ్లి మీ నాన్నకి కూడా చెప్పు. ఆయన చెవులు ఇంకా పెద్దవి," అన్నాడు మాస్టారు.

పాలచెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిన ద్రాందే పకపకా నవ్వింది. ద్రాందే మాస్టారి ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే, ఊరి మంత్రసాని దీలా చేతుల్లో పెరిగింది. దీలా కాన్పులకు పోతుంటే లాంతరు పట్టుకుని వెంట నడిచేది. కిందటి చలికాలం దీలా పోతూ పోతూ ఊరి ఆరోగ్యకేంద్రం తాళంచెవి ఈ పిల్ల గుప్పిట్లో పెట్టింది. అప్పట్నుంచి ఆ తలుపు తెరుచుకోలేదు. నెలలు నిండినవాళ్లు మంచు పడకముందే పట్నం పోయి చుట్టాల ఇళ్లల్లో పడుంటున్నారు. ద్రాందేకు కావలసింది ఒక్కటే. ష్కోడ్రా సర్కారు కాలేజీలో మంత్రసాని చదువు చదివి వచ్చి ఆ తలుపు తెరవాలి. మొదటి జాబితాలో పేరు రాలేదు. రెండో జాబితా ఆకులు రాలేవేళకు వస్తుందన్నారు.

ఈలోగా వచ్చాడు లాజర్.

లాజర్ మాస్టారి వంశంవాడే. మాస్టారి పెదతాత, వాడి ముత్తాత సొంత అన్నదమ్ములు. చదువుకున్నవాడు, చక్కనివాడు, రాజధాని తిరానాలో ఒక ప్రైవేటు నర్సింగు బడికి పిల్లల్ని చేర్చే కొలువు. వడగళ్ల వానలో తడిసి ముద్దై వచ్చి గుమ్మం బయట నిలబడి, కొండ పద్ధతిలో, "ఇంటాయనా, అతిథిని ఆదరిస్తారా?" అని కేకేశాడు.

ఆ కేక విన్నాక ఇంకేముంది. చేతికి నీళ్లు, పొయ్యి పక్కన అతిథికిచ్చే పైచోటు, రొట్టె, ఉప్పు, జున్ను, రాకీ సారా, ఆపైన కాఫీ. పక్కింటి మరాష్ కూడా వచ్చి కూచున్నాడు. కాఫీ అయిందాకా ఎందుకొచ్చావని అడగకూడదు, అడగలేదు. అయ్యాక లాజర్ సంచీలోంచి కాగితాలు తీశాడు.

"చెల్లిని మా బడిలో చేర్చండి బాబాయ్. సర్కారు సీటు వస్తే ఆ రోజే వచ్చేయొచ్చు, ఎవరూ ఆపరు. రాకపోతే ఏడాది వృథా కాదు. బేసా ఇస్తున్నాను," అని చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు.

బేసా అన్నాక ఆ కొండల్లో రెండో మాట ఉండదు. ప్రాణం పోయినా నిలబెట్టుకునే మాట అది.

"నాన్నా, పాషా దగ్గరికి తీసుకెళ్లనా?" కాఫీ గిన్నెలు తీస్తూ మెల్లగా అడిగింది ద్రాందే.

మరాష్ విన్నాడు. "ఇంకేం, పిలవండి పాషాగారిని. చుట్టం మాట నిజమో కాదో ఆయన తేలుస్తాడు," అని తొడ చరుచుకున్నాడు.

లాజర్ కూడా నవ్వాడు. "చదవండి బాబాయ్. నాకేం అభ్యంతరం లేదు."

అక్కడే ఆగింది మాస్టారి చెయ్యి. కళ్లజోడు అప్పటికే సగం తీశాడు. తడిసిన కోటు తన పొయ్యి దగ్గర ఆరుతోంది, తన ఉప్పు తిన్న మనిషి తన ఎదురుగా ఉన్నాడు. అతని ముందు షరతులు వెతకడమంటే అతని ముఖాన ఉమ్మినట్టే.

"నా రొట్టె తిన్నవాడి మాటని గాడిదకి చూపించి సరిచూసుకునే రోజు ఇంకా రాలేదు," అని కళ్లజోడు మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. "పెట్టమ్మా సంతకం."

ద్రాందే పెట్టింది. బడి విడిచేటప్పుడు ఇచ్చిన పట్టా, అసలుది, లాజర్ జాగ్రత్తగా అట్టల మధ్య పెట్టుకున్నాడు. వెళ్లేముందు మాస్టారి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాడు. వాడి కళ్లల్లో మోసం లేదు. అది మాస్టారు తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా మారలేదు.

అన్నట్టే అడవి ఆకులు ఎర్రబడినప్పుడు వచ్చింది కబురు. రెండో జాబితాలో ద్రాందే పేరు ఉంది. మాస్టారు తుపాకీ తీసి ఆకాశంలోకి పేల్చాడు. ఆ తూటా ఇంకా కింద పడలేదని, ఎక్కడో దేవదూతలు దాని మీద పంచాయితీ పెట్టుకుని కూచున్నారని మరాష్‌కు చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నంలోగా అసలు పట్టాతో హాజరు కావాలి. బుధవారమే తండ్రీకూతుళ్లు తిరానా బండెక్కారు.

బడి ఆఫీసులో గాజుపలక వెనక కూచున్న ఆవిడ కఠినురాలేం కాదు. కాగితం ఈవైపు తిప్పి, వేలితో తొమ్మిదో షరతు చూపించింది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "'విద్యార్థి సమర్పించిన అసలు పట్టా, శిక్షణ మరియు తదుపరి విదేశీ సేవాకాలము పూర్తియగువరకు, సంస్థ ఆధీనమున ఉండును'."

ఎంతమంది పిల్లలచేత ఇలాంటివి విప్పించాడో. ఇది చిన్నది కూడా కాదు, మూలన దాక్కోలేదు. వితోరేకు చూపిస్తే ఒక్క ఊపిరిలో చెప్పేసేది.

"కోర్టుకి వెళ్లొచ్చు పెద్దాయనా. చాలామంది వెళ్లారు. వసంతానికి తేలుతుంది," అంది ఆవిడ.

లాజర్ కబురందుకుని పరిగెత్తుకొచ్చాడు. షరతు చదివాడు. మళ్లీ చదివాడు.

"నాకు వాళ్లు చెప్పిందే మీకు చెప్పాను బాబాయ్. ఒట్టు."

"నువ్వు చదివావా?"

"మీరు చదివారనుకున్నాను." అన్నాడు వాడు. "మీరు కదా చదివేది. కోల్ మాస్టారి కూతురే సంతకం పెట్టిందని అన్ని ఊళ్లలోనూ చెప్పాను. ఆ మాట చాలు, ఎవరూ కాగితం తిరగెయ్యలేదు."

మాస్టారు గోడకు చెయ్యి ఆనించాడు. ద్రాందే లాజర్ వైపు చూడలేదు, తండ్రి వైపూ చూడలేదు. తన సంతకం వైపు చూసింది.

శుక్రవారం పట్టా నకలు పట్టుకుని ష్కోడ్రా వెళ్లారు. వెళ్లకపోతే ఎలా? కాలేజీ ఆఫీసులో పడుచుపిల్ల ఒకతె నకలును అటూ ఇటూ తిప్పి, లోపలికి వెళ్లి, ఎవరినో బతిమాలి, తిరిగొచ్చింది. "అసలుదే కావాలట అక్కా. నన్ను క్షమించు." తర్వాతి పేరు పిలిచింది.

తర్వాతి పేరుగల పిల్ల వాళ్ల వెనకే నిలబడి ఉంది, తల్లి భుజం పట్టుకుని. పేరు వినగానే ముందుకొచ్చింది. అసలు పట్టా తెచ్చుకుంది, పెన్ను తెచ్చుకోలేదు. ద్రాందే తన పెన్ను ఇచ్చింది.

"చదివి పెట్టు," అంది. "తొందరేం లేదు, చదువు."

ఆ పిల్ల చదివి, సంతకం పెట్టి, పెన్ను తిరిగి ఇచ్చేదాకా ద్రాందే పక్కనే నిలబడింది. మాస్టారు బయట మెట్ల మీద కూచుని, టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

తిరుగుదారి పొడుగునా ఆయన కూతురి తిట్టు కోసం ఎదురుచూశాడు. ఒక్క తిట్టు. "అడిగాను కదా నాన్నా" అంటే చాలు, తల గోడకేసి కొట్టుకునేవాడు. ద్రాందే అనలేదు. పట్టా వాళ్ల దగ్గరుంటే ఇంకెక్కడా చేర్చుకోరు గనక తిరానాకే పోవాలి. ఆ బడి నేర్పేది ముసలివాళ్ల సేవ. తర్వాత పరాయి దేశంలో ఏదో వృద్ధాశ్రమంలో కొలువు. పుట్టేవాళ్లను పట్టుకోవాలనుకున్న చేతులు పోయేవాళ్లను పట్టుకోబోతున్నాయి.

వెళ్లేరోజు పొద్దున్నే బండి వచ్చింది. ద్రాందే మెడలోంచి తాడు తీసింది. దానికి ఆరోగ్యకేంద్రం తాళంచెవి.

"ఇది మీ దగ్గరుంచండి. ఎవరైనా చదువుకుని వస్తే ఇవ్వండి."

"నువ్వొస్తావుగా."

"వస్తాను." అని టోపీ సరిచేసింది ఆయనకు. "పాషాకి ఉప్పు పెట్టడం మర్చిపోకండి. మీరు కబుర్లలో పడితే దాని సంగతే గుర్తుండదు."

బండి మలుపు తిరిగింది. మాస్టారు దొడ్లోకి నడిచాడు. తిరానాలో ఇచ్చిన ఒప్పందం నకలు జేబులోంచి తీసి, పాషా ముందు నిలబడి మొదటి షరతు నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కోటీ చదివి తన మాటల్లో చెప్పాడు. తొమ్మిదో షరతు చదివాడు. చెప్పడానికి నోరు తెరిచాడు.

పాషా ఆ సగం చెవి ఆయనవైపు తిప్పి ఎదురుచూసింది. ఆయన చేతిలో గడ్డిపరక లేదు.