చుక్కికి తాయిలం

చెంగమ్మ గోరువెచ్చని నీళ్ళతో చుక్కి పొదుగు మళ్ళీ కడిగి, పాలు పితికే మిషన్ గొట్టాలు మళ్ళీ తగిలించింది. మిషన్ గుర్రుమంది. ఆవు మాత్రం చేపలేదు, ఒక్క పాలచుక్క దించలేదు.

పలమనేరు దగ్గరి ఆ కొట్టంలో ఇన్నేళ్ళూ ఆమె చేతులే మిషన్లు. బొటనవేలు మడిచి పితికి పితికి, ఇప్పుడు అన్నం కలిపినా ఆ వేలు లోపలికే పోతుంది. దూడ చచ్చినప్పుడు చుక్కి చేపకపోతే, కాఫీకని కొంగున కట్టుకున్న బెల్లం ముక్క నాకించి పాలు దింపింది. అదే అలవాటైంది. ముక్క నాలుకకు తగిలితే గానీ చేపదు. ఇవాళ యజమాని గుణశేఖర్ పక్కనే నిలబడి, అది పెట్టకూడదన్నాడు. మిషన్‌కు లొంగని ఆవును సాయంత్రం బండెక్కిస్తానన్నాడు. ఆ బండెక్కిన గొడ్డు మళ్ళీ ఎవరి కొట్టంలోనూ కనబడదు.

"మిషన్‌తో పాలు ఎక్కువ తీసినోళ్ళకి ఇన్సెంటివ్ ఇస్తా సెంగమ్మా."

"అంటే ఏంది సామీ?"

"తాయిలం అనుకో. ఆశ పెడితేనే గదా పని జరిగేది."

"మడిసికి ఆశ పెడతావు, నోరులేని దానికి వద్దంటావే!"

గుణశేఖర్ నవ్వాడు గానీ మెత్తబడలేదు. "దినామూ మిషన్ పక్కన బెల్లం పట్టుకోని ఎవురు నిలబడేది?"

తప్పు తనదే అనిపించింది చెంగమ్మకు. తను మురిపెంగా చేసిన అలవాటే దాని మెడకు చుట్టుకుంది. మధ్యాహ్నం సద్దిమూట విప్పలేదు. ఏ బండి చప్పుడైనా గేటు వైపు చూసింది.

చివరికి ఆ బండి రానే వచ్చింది. బండికి ఆనించిన పలక మీద చుక్కి కాలు పెట్టలేదు. డ్రైవర్ మురుగేష్ తోక మెలిపెట్టి, కర్ర ఎత్తాడు.

"కొట్టొద్దప్పా, నేను ఎక్కిస్తా."

చెంగమ్మ ముందుగా ఎక్కి, కొంగుముడి విప్పి, బెల్లం చూపించింది. చుక్కి తల వంచుకుని వచ్చేసింది. అరచేయి నాకుతూ నిలబడింది. చెక్కల మీద టపటపమని చప్పుడైతే చెంగమ్మ కిందికి చూసింది. పొదుగు నుంచి పాలు కారుతున్నాయి.

"సామీ! సేపినాది, సూడు, సేపినాది!"

"ఇప్పుడు సేపితే ఏం లాభం? దిగు," అన్నాడు గుణశేఖర్ కింద నుంచి. "ఎక్కించినావు గదా, నీ ఇన్సెంటివ్ నీకిస్తాలే."

"నాకొద్దు సామీ." ఏడుస్తూనే దిగింది.

అమ్మిన గొడ్డుతో పలుపు పంపకూడదు. మురుగేష్ కొత్త తాడు కట్టి, పాతది విప్పి ఆమె చేతికిచ్చాడు. బండి వెళ్ళిపోయాక చెంగమ్మ దాన్ని తెచ్చి ఖాళీ గుంజకు తగిలించింది. ఆ పలుపు ఉచ్చు ఇంకా ఆవు మెడంత వెడల్పుగానే ఉంది, తెల్ల వెంట్రుకలు అంటుకుని.